ద్రాక్షపాదు తర్వాతే మనిషి

ఇంగ్లండు చలిదేశం కదా, అక్కడివాళ్లు తరతరాలుగా ఇళ్లన్నీ వెచ్చగా కట్టుకుని ఉంటారనుకుంటాం మనం. అదేం కాదు సుమండీ! 1830లలో ఏంజియర్ మార్చ్ పెర్కిన్స్ అనే ఇంజనీరు గొట్టాల ద్వారా ఇంటికి వేడి పంపే ఏర్పాటు ఒకటి చేశాడు. దాన్ని మొదట్లోనే పెట్టించుకున్న పెద్దమనిషి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు గవర్నరు జాన్ హార్స్‌లీ పామర్. ఎందుకయ్యా అంటే, ద్రాక్షపళ్లు పండించుకోడానికట! అంతకు నూరేళ్ల ముందు, 1716లో, మార్టిన్ ట్రీవాల్డ్ అనే స్వీడన్ దేశస్థుడు న్యూకాసిల్ ఊళ్లో వేడినీళ్ల గొట్టాలు అమర్చిందీ మొక్కలుండే అద్దాలగదికే. ముందు మొక్కలు, తర్వాత మొక్కల యజమానులు. ఇక అద్దెకున్నవాళ్ల వంతు రావటానికి ఎంతకాలం పట్టిందో చెబుతాను వినండి.

నిజానికి ఈ విద్య ఆ దేశానికి కొత్తదేం కాదు. అక్కడ రాజ్యం చేసిన రోమన్లు ఇటికల స్తంభాలమీద నేల పరిచి, దాని కింద నిప్పుల పొగా వేడీ పారేటట్టు స్నానశాలలు కట్టారు. బాత్ అనే ఊళ్లో ఆ స్తంభాలు ఇప్పటికీ చూడొచ్చు. పైన వెచ్చగా కూర్చునేవాళ్లు ఒకరు, కింద కట్టెలు ఎగదోసే బానిసలు మరొకరు. సుమారు క్రీ.శ. 410లో రోమన్ల పాలన పోయింది, దాంతోపాటే ఆ ఏర్పాటూ పోయింది. ఆ తర్వాత పధ్నాలుగు వందల ఏళ్లపాటు ఇంగ్లీషువాళ్లకి నిప్పుగూడే గతి. దాని ముందు కూచుంటే మొహం మాడుతుంది, వీపు వణుకుతుంది. మన భోగిమంట ముందు నిలబడినట్టే. కాకపోతే మనకది ఒక్కరోజు ముచ్చట.

ఆ నిప్పుగూళ్లలోని బొగ్గే చివరికి వాళ్ల ప్రాణం మీదికి తెచ్చింది. 1952 డిసెంబరులో ఐదు రోజులపాటు లండను మీద పొగమంచు దుప్పటిలా పరుచుకుని వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1956లో చట్టం చేసి పొగబొగ్గుకి కళ్లెం వేశారు. మరి బొగ్గు మానేస్తే చలికేం చెయ్యాలి? అప్పుడు మొదలైంది సెంట్రల్ హీటింగ్ వైపు చూపు. అయినా 1970ల మొదట్లో కూడా ఆ దేశంలో సగం ఇళ్లకు అది లేదు.

అద్దెగదుల వాళ్ల సంగతి మరీ అన్యాయం. మన దేశం నుంచి 1950, 60లలో చదువులకి వెళ్లినవాళ్లని అడిగితే కథలు కథలుగా చెబుతారు. గదిలో గ్యాసు మీటరుకి ఒక చిల్లు. అందులో షిల్లింగు బిళ్ల వేస్తే కాసేపు వెచ్చన, మళ్లీ బిళ్ల వేసేదాకా చలి. జేబులో చిల్లరుంటే ఎండాకాలం, లేకపోతే మాఘమాసం!

1961లో రెండు మంచిపనులు జరిగాయి. పార్కర్ మోరిస్ కమిటీవారు కొత్త ఇళ్లలో కూర్చునే గది 18 డిగ్రీలు, వంటిల్లూ నడవా 13 డిగ్రీలు ఉండాలన్నారు. ఆ కనీస లెక్కలో పడకగదిని మాత్రం చేర్చలేదు. రగ్గులున్నాయిగా అనుకున్నారేమో! ఆ ఏడే వచ్చిన చట్టం, తక్కువ గడువు అద్దె ఇళ్లలో వేడి ఇచ్చే ఏర్పాటు చెడిపోతే బాగుచేయించాల్సింది ఇంటాయనేనని తేల్చింది. అదే ఇప్పుడు 1985 చట్టంలో పదకొండో సెక్షను.

ఆ సెక్షను నంబరు నాకెలా తెలుసంటే, మా అమ్మాయి పురిటికని నేను 2023 జనవరిలో ఇంగ్లండులో ఉన్నాను. పాతకాలపు ఇల్లు, అద్దెది. పసిపిల్ల పడుకునే గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలని ఇంటికొచ్చే నర్సమ్మ చెప్పింది. గోడకున్న థర్మామీటరు చూస్తే 13! "బాయిలరు బాగానే మండుతోందమ్మా. గ్యాసు బిల్లూ బాగానే వస్తోంది. వేడే రావటంలేదు" అంది మా పిల్ల.

మన ఇళ్లల్లో రాగి బాయిలరు ఉండేది గుర్తుందా? మధ్య గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్లు. ఆ నీళ్లు బకెట్లోకి కాకుండా గొట్టాల గుండా గదిగదికీ వెళ్లి, గోడకున్న ఇనపపెట్టెల్లో తిరిగి, చల్లారి మళ్లీ బాయిలరుకే వచ్చి చేరితే అదే సెంట్రల్ హీటింగ్. ఆ పెట్టెలే రేడియేటర్లు. 1850లలో రష్యాలో ఫ్రాంజ్ సాన్‌గల్లీ అనే ఆయన తయారుచేశాడు వాటిని. వాటి జబ్బు చేత్తో తడిమి చెప్పొచ్చు, పిల్లాడికి జ్వరం చూసినట్టే. కాలకుండా చూసుకోవాలనుకోండి.

పైభాగం చల్లగా, కిందిభాగం వేడిగా ఉంటే లోపల గాలి చేరిందన్నమాట. పైమూలన చిన్న మర ఉంటుంది, దానికో బుల్లి ఇత్తడి తాళంచెవి. హీటింగ్ ఆపి, చల్లారనిచ్చి, కింద గుడ్డ పట్టుకుని కొంచెం తిప్పితే బుస్సుమని గాలి పోతుంది. నీటిచుక్క కనపడగానే బిగించెయ్యాలి. తర్వాత బాయిలరు ముల్లు 1 బార్ కంటే కిందికి దిగితే మళ్లీ నీళ్లు ఎక్కించాలి. మేడమీది గదిది ఈ జబ్బే. మా అల్లుడుగారు "మీరు గుడ్డ పట్టుకోండి అత్తయ్యగారూ" అని ఐదు నిమిషాల్లో కుదిర్చేశారు.

దూరపు గదిది పూర్తిగా చల్లగా ఉంది. బాయిలరు దగ్గరున్నవి వేడినీళ్లన్నీ తాగేస్తే దానికేం మిగులుతుంది? పంక్తిలో మొదటి విస్తళ్లకే నెయ్యంతా అయిపోయినట్టు! దగ్గరవాటి కింది మరలు కాస్త బిగిస్తే దానికీ పాలు అందింది.

పసిపిల్ల గదిది మాత్రం వేరు. పైన వేడి, కింద మంచుముద్ద. అంటే అడుగున బురద. ఏళ్ల తరబడి నీళ్లు ఇనుముని తినగా తయారైన నల్లతుప్పు అది. గొట్టాలన్నీ కడిగిస్తేగాని పోదు. అది ఇంటాయన పని.

ఆయన "పాత ఇళ్లు అంతేనండీ, స్వెట్టర్లు వేసుకోండి" అన్నాడు ఫోనులో. దాంతో మా అమ్మాయి పది రోజులపాటు పొద్దునా రాత్రీ థర్మామీటరు చూసి, తేదీతో సహా రాసిపెట్టింది. ఆ లెక్కంతా జతచేసి ఉత్తరం రాసింది. అందులో పదకొండో సెక్షనుతోపాటు, ఇల్లు మనుషులు బతకడానికి తగినట్టు ఉండాలన్న 2018 చట్టమూ ఎత్తింది. ఆ రెండోది ముఖ్యం. ఎందుకంటే పాత సెక్షను చెడింది బాగుచేయమంటుందే గాని ఇల్లు వెచ్చగా ఉండాలని ఎక్కడా అనదు. ఆ లోటు పూడ్చడానికి యాభై ఏడేళ్లు పట్టింది!

వారం తిరక్కుండా మనిషి వచ్చాడు. ఏదో యంత్రం తగిలించి రోజంతా కడిగాడు. కాటుక కలిపినట్టు నల్లటి నీళ్లు గొట్టం వెంట పోతూనే ఉన్నాయి. ఆ రాత్రి పిల్ల గదిలో 18 చూపించింది. ఉన్నిటోపీ తీసేస్తే పాప తలమీద జుట్టు ఎంతుందో అప్పుడు తెలిసింది మాకు.

మార్చిలో ఇంటాయన దగ్గర్నించి ఇంకో ఉత్తరం వచ్చింది, అద్దె పెంచుతున్నానని.