షల్, విల్: ఒక సూత్రము యొక్క చరిత్ర

ఆంగ్లభాషలో ‘షల్’, ‘విల్’ అను సహాయక క్రియలు రెండును భవిష్యత్తును దెలుపునవియే యైనను, ‘ఐ’, ‘వీ’ అను ఉత్తమపురుష సర్వనామములకు మొదటిదానిని, తక్కిన పురుషలకు రెండవదానిని చేర్పవలయుననియు, దృఢసంకల్పమును గాని ఆజ్ఞను గాని తెలుపవలసి వచ్చినప్పుడు ఈ క్రమమును తలక్రిందులు చేయవలయుననియు మన పాఠశాలలలో తరతరముల బాలురు వల్లెవేసిరి. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము నెలకొనిన పిమ్మట దాని పరీక్షలకు గూర్చుండిన తెలుగు విద్యార్థులకును, రెన్, మార్టిన్‌ల వ్యాకరణమును చేతబట్టుకొని తిరిగిన వారి మనుమలకును ఇది ఆంగ్లేయుల నోట అనాదిగా నున్న నియమమనియే తోచియుండును. నిజమున కది సూత్రరూపమున స్థిరపడినది పదునేడవ శతాబ్దమున, ఒక గణితశాస్త్రజ్ఞుని చేతిమీదుగా.

ఈ పదముల పూర్వార్థములను విచారించినచో విషయము కొంత తేటపడును. వెయ్యేండ్లనాటి ప్రాచీనాంగ్లమున భవిష్యత్తునకు ప్రత్యేక క్రియారూపమే లేకుండెను. వర్తమానరూపమే ఆ పనిని గూడ నిర్వహించెడిది. నాడు ‘షల్’ అనగా ఋణపడియుండుట, ‘విల్’ అనగా కోరుట. తీర్పవలసిన ఋణమును, తీఱవలసిన కోరికయు రాబోవు కాలమునకు సంబంధించినవే కావున, ఈ ధాతువులు క్రమముగా తమ బరువును గోల్పోయి భవిష్యత్సూచకములుగా మాఱినవి. కాని ఆ బరువు పూర్తిగా నెన్నడును పోలేదు.

జాన్ వాలిస్ 1616లో కెంటు మండలమున జన్మించి, ఆంగ్లదేశపు అంతర్యుద్ధమున పార్లమెంటు పక్షమువారికి శత్రువుల రహస్యలేఖలను విప్పి చదివిపెట్టి, 1649లో ఆక్స్‌ఫర్డున జ్యామితి ఆచార్యపదవి నధిష్ఠించిన మేధావి. అనంతమునకు చిహ్నమును 1655లో గణితమున ప్రవేశపెట్టినవాడు నీతడే. ఈతడు 1653లో నొక ఆంగ్ల వ్యాకరణమును లాటిన్ భాషలో ప్రకటించెను. ఆంగ్లగ్రంథములను, ముఖ్యముగా మతగ్రంథములను, చదువగోరు విదేశీయులకై వ్రాసినది గనుక దానికి లాటినే తగిన వాహనమయ్యెను. షల్, విల్‌ల భేదము పరదేశులకు దుర్గ్రాహ్యమనియు, ఇంతవఱకు నిశ్చితమైన సూత్రము నెవ్వరును చెప్పియుండలేదనియు పలికి, ఆతడు తన సూత్రమును నిలిపెను: ఉత్తమపురుషయందు షల్ జరుగబోవుదానిని కేవలము తెలుపును, విల్ వాగ్దానము చేయును లేక బెదిరించును, మధ్యమ, ప్రథమ పురుషలయందు షల్ వాగ్దానము చేయును లేక బెదిరించును, విల్ కేవలము తెలుపును. 1622లోనే జార్జి మేసన్ ఫ్రెంచివారికై వ్రాసిన వ్యాకరణమున ఈ భేదమునకు అంకురము గానవచ్చుచున్నను, దానిని ఇంత సౌష్ఠవముతో ఎదురెదురుగా నిలిపి చూపినవాడు వాలిసే.

‘ఐ షల్ గో’ అన్నచో వెళ్లుట జరుగనున్నదని మాత్రమే అర్థము. ‘యూ షల్ గో’ అన్నచో, వెళ్లువాడు శ్రోతయే యైనను, వెళ్లించువాడు వక్త. సర్వనామము మాఱుటతోనే క్రియయొక్క అధికారము ఒకరి చేతినుండి వేఱొకరి చేతికి బోవుచున్నది. దీనికి మూలము మర్యాదయని పందొమ్మిదవ శతాబ్దపు పండితులు కొందఱు తలచిరి. వక్త తన పనిని తనపైబడిన విధిగా చెప్పుకొని, ఎదుటివాని పనిని వాని ఇచ్ఛకే విడుచుచున్నాడట! ఈ వ్యాఖ్యానము నాకు మిక్కిలి హృద్యముగ దోచుచున్నది.

వాలిస్ కాలముననే ‘దౌ’ అను మధ్యమపురుష ఏకవచనము క్షీణించుచుండెను. ఒక్కని నట్లు సంబోధించుట తిరస్కారమునకు గాని గాఢమైన చనువునకు గాని గుర్తని ఆతడే వ్రాసెను. ఆతని వ్యాకరణము వెలువడిన దశాబ్దముననే జార్జి ఫాక్సు ననుసరించిన క్వేకర్లు, మనుష్యులలో హెచ్చుతగ్గులు లేవను విశ్వాసముచే, న్యాయాధిపతులను సైతము ఆ మాటతోనే పిలిచి ఇక్కట్లపాలైరి. ఆ సర్వనామముతోపాటు దానికి మాత్రమే చేరెడి ‘షల్ట్’, ‘విల్ట్’, ‘క్యాన్స్ట్’ అను రూపములును నిత్యవ్యవహారమునుండి తొలగినవి. మన భాషలో చేయగలను, చేయగలవు, చేయగలడు అని క్రియాంతముననే కర్త దెలియుచుండ, అచట ‘క్యాన్’ ఎవ్వరికైనను క్యానే, ‘మస్ట్’ ఎవ్వరికైనను మస్టే. ప్రత్యయములు నశించినచోట పురుషభేదమునకు మిగిలిన ఆశ్రయము షల్, విల్‌ల ఎంపిక యొక్కటియే యని నా యభిప్రాయము.

వాలిస్ పరదేశులకై చెప్పినదానిని స్వదేశీయులకు శాసనముగా జేసినవారు తరువాతి శతాబ్దపు వైయాకరణులు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువున, ఈ షల్‌ను వివరించుట సులభము కాదని యొప్పుకొనెను. 1762లో రాబర్టు లౌత్ సూత్రమును పునరుద్ఘాటించుచు, ప్రశ్నావాక్యములందు మాత్రము ఇది చాలవఱకు తాఱుమాఱగునని సూక్ష్మముగ గమనించెను. అమెరికాలో జన్మించి యార్కు సమీపమున స్థిరపడిన లిండ్లీ మరే, ఒక బాలికా పాఠశాలకై రచించి 1795లో ప్రకటించిన వ్యాకరణము ద్వారమున నిది ఇంటింటికిని వ్యాపించెను. స్కాట్లండు, ఐర్లండు ప్రజలు తఱచుగా అన్ని పురుషలకును విల్‌నే వాడుచుండగా, వారిని వెక్కిరించుట కొక కథ పుట్టినది: నీటబడిన ఐరిష్‌వాడొకడు ‘నేను మునుగుచున్నాను, నన్నెవ్వరును రక్షింపరు’ అని మొఱవెట్టదలచి, షల్, విల్‌లను మార్చి పలుకుటచే, ‘నేను మునిగియే తీరుదును, నన్నెవ్వరును రక్షింపరాదు’ అన్నట్లయ్యెననియు, గట్టుననున్నవారు వాని మాటను మన్నించి ఊరకుండిరనియు! ప్రాణభయమున అఱచువాని వ్యాకరణమును పరీక్షించు నీ కథలో దయ లేదు. 1906లో ఆంగ్లప్రయోగ గ్రంథకర్తలగు ఫౌలర్ సోదరులు సైతము, ఈ భేదము దక్షిణాంగ్లేయులకు సహజముగ నబ్బుననియు, ఇతరులకు నేర్చినను పట్టువడుట దుర్లభమనియు వ్రాసిరి.

1925లో అమెరికా పండితుడు చార్లెస్ ఫ్రీస్ పూర్వ వ్యాకరణములను, నాటకములలోని సంభాషణములను పరిశీలించి, జనుల నోట ‘ఐ’తో విల్‌యే హెచ్చుగా కలియుచున్నదని నిరూపించెను. 1940 జూన్ 4న చర్చిల్ కామన్స్ సభలో ‘వీ’తో షల్‌ను మాటిమాటికి జోడించి తన జాతి అచంచల సంకల్పమును చాటెను, సూత్రము ప్రకార మచట నుండవలసినది విల్. ‘ఐల్’, ‘యూల్’ అను సంక్షిప్తరూపములు వాడుకలో వివాదమునకు తావే లేకుండ జేసినవి.

షల్ తన పూర్వగాంభీర్యముతో నిలిచిన తావు శాసనభాష. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమున, చట్టమునెదుట సమానత్వమును రాజ్యము ఎవ్వరికిని నిరాకరింపరాదను 14వ అధికరణము షల్‌తోనే ఆజ్ఞాపించుచున్నది. నిత్యవ్యవహారమున నది మిగిలినది ప్రశ్నలలో, అదియు ఉత్తమపురుషయందే. ‘షల్ ఐ ఓపెన్ ది విండో?’ అని అడుగువాడు శ్రోత యిచ్ఛను దెలిసికొనగోరుచున్నాడు. ఋణమను పురాతనార్థ మందింకను సజీవముగ నున్నది. అచట విల్‌ను నిలిపినచో, తాను కిటికీ తెఱచుట జరుగునా యని ఎదుటివానిని జోస్యమడిగినట్లగునని దక్షిణాంగ్లేయు లందురు. ఐర్లండు, స్కాట్లండు వాసులు మాత్రము నేటికిని ‘విల్ ఐ ఓపెన్ ది విండో?’ అనియే అడుగుదురు, వినువారును సందేహింపక ఉత్తరమిత్తురు.