అమెరికా మాజీ సైనికుల గాయపు మచ్చలు: పరిహారం, అప్పీళ్ల చరిత్ర

సైన్యంలో పనిచేసిన కాలంలో తగిలిన గాయం మానాక ఒంటి మీద మిగిలే మచ్చకు వైకల్య పరిహారం కోరుతూ అమెరికా మాజీ సైనికులు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవచ్చు. నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చు. తూటా, బాంబు పెంకు, మంట, ఆపరేషన్ కుట్లు, ఏది మిగిల్చిన మచ్చయినా లెక్కలోకి వస్తుంది. వైకల్యాన్ని శాతాల్లో నిర్ణయిస్తారు, పైకం దాన్ని బట్టి ఉంటుంది. 2024లో 10 శాతానికి నెలకు 171.23 డాలర్లు వచ్చేవి. సున్నా శాతం కూడా ఒకటుంది. అప్పుడు మచ్చ సైనిక సేవ వల్లే వచ్చిందని మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఒప్పుకుంటుంది, పైకం మాత్రం ఇవ్వదు. మచ్చల తగాదా తరచుగా ఈ సున్నాకూ ఆ పదికీ మధ్యనే నడుస్తుంది.

దీని పునాది 1917 అక్టోబరు నాటి చట్టంలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన అమెరికా, గాయం వల్ల మనిషి సంపాదన శక్తి సగటున ఎంత తగ్గుతుందో చూసి పరిహారం కట్టాలని అందులో నిర్ణయించింది. ఈ శాతాలను నిర్ణయించే మొదటి రేటింగు పట్టిక 1921లో వచ్చింది. ఇప్పటి పట్టికకు ఆధారమైనది 1945లో తయారై 1946 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. కాలు పోయినవాడి సంపాదన ఎంత తగ్గుతుందో అంచనా కట్టవచ్చు. ముఖం కాలి, నలుగురిలోకి రావడానికి జంకే మనిషి నష్టాన్ని కూలి లెక్కలో చూపడం ఎలా? మచ్చల నియమాలు ఇన్నిసార్లు మారడానికి కారణం ఈ చిక్కే.

1945 పట్టికలో ముఖం, తల, మెడ మీది మచ్చలకు నాలుగు మెట్లుండేవి. స్వల్పమైతే సున్నా, ఒక మోస్తరైతే 10, తీవ్రమైతే 30, చూసేవారికి ఏవగింపు పుట్టించేంత వికృతమైతే 50 శాతం. మరీ ఘోరమైన కేసులను మార్పులు చేయని ఫొటోలతో కేంద్ర కార్యాలయానికి పంపవచ్చని కింద ఒక గమనిక కూడా ఉండేది. అంటే సైనికుడి ముఖం విలువ దాన్ని చూసిన అధికారి మనసులో కలిగిన భావాన్ని బట్టి తేలేది. దేశం కోసం కాలిన ముఖానికి ఏవగింపును కొలబద్దగా పెట్టడం క్రూరం. ఆ మాట అర్ధ శతాబ్దానికి పైగా పట్టికలో నిలిచి ఉండటం ఇంకా బాధాకరం. మిగతా ఒంటి మీది మచ్చల్లో నొప్పి ఉన్నవాటికి 10 శాతమే ఇచ్చేవారు. అదీ పరీక్షలో డాక్టరు ముట్టుకున్నప్పుడు నొప్పి బయటపడితేనే.

ఆ రోజుల్లో అప్పీలు చేద్దామంటే దారి ఇరుకు. మాజీ సైనికుల అప్పీళ్ల బోర్డును 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వుతో ఏర్పాటు చేశారు. ఆ బోర్డు మాటే చివరి మాట. కోర్టుకెక్కే హక్కు ఉండేది కాదు. వకీలుకు పది డాలర్లకు మించి ఇవ్వకూడదన్న నిబంధన 1864 నుంచీ ఉండేది. మోసగాళ్ల బారి నుంచి సైనికులను కాపాడటానికి పెట్టిన ఆ నిబంధన, వందేళ్లు గడిచేసరికి మంచి వకీళ్లను వాళ్ల దరికి రానివ్వకుండా చేసింది. 1985లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. 1988 నవంబరులో రీగన్ సంతకం చేసిన చట్టంతో మాజీ సైనికుల అప్పీళ్ల కోసమే ప్రత్యేక కోర్టు ఏర్పడింది, పది డాలర్ల హద్దూ పోయింది.

మచ్చల విషయంలో ఆ కోర్టు ఇచ్చిన అతి ముఖ్యమైన తీర్పు 1994 నాటి ఎస్టెబన్ వర్సెస్ బ్రౌన్. ముఖానికి కుడివైపు గాయమైన ఒక మాజీ సైనికుడికి శాఖ మొత్తం కలిపి 10 శాతం ఇచ్చింది. ఆయనకు ముఖం వికారమైంది. మచ్చలు నొప్పి పెడుతున్నాయి. ముఖ కండరాలు దెబ్బతిని నమలడం కష్టమైంది. ఒకే బాధకు రెండుసార్లు పరిహారం ఇవ్వకూడదన్న నియమాన్ని శాఖ అడ్డం పెట్టింది. వికారం వేరు, నొప్పి వేరు, నమలలేకపోవడం వేరు, ఒకదాని లక్షణం మరొకదానిలో లేదు గనక మూడింటికీ విడివిడిగా రేటింగు ఇవ్వాల్సిందేనని కోర్టు తేల్చింది. శాతాలను నేరుగా కూడరు. మొదటి 10 పోగా మిగిలిన 90లో పదో వంతు, ఆ పైన మిగిలినదాంట్లో పదో వంతు తీస్తారు. అలా మూడు పదులు కలిస్తే 27 చిల్లర వస్తుంది, దగ్గరి పదికి సవరిస్తే 30 అవుతుంది. ఈనాటికీ ఒకే గాయానికి వేర్వేరు రేటింగులు అడిగే అప్పీళ్లలో ఈ తీర్పునే ముందు పెడతారు.

ఏవగింపు మాట 2002 ఆగస్టు 30న పోయింది. దాని స్థానంలో ఎనిమిది లక్షణాలు వచ్చాయి. మచ్చ పొడవు కనీసం 5 అంగుళాలు ఉందా, వెడల్పు కనీసం పావు అంగుళం ఉందా, చేత్తో తడిమితే ఉబ్బుగానో గుంటగానో తగులుతోందా, లోపలి కండకు అతుక్కుపోయిందా అన్నవి మొదటి నాలుగు. చర్మం రంగు మారడం, నునుపు పోవడం, కింది కండ కరిగిపోవడం, గట్టిపడి సాగకపోవడం మిగతావి. ఈ చివరి నాలుగూ 6 చదరపు అంగుళాలకు మించిన మేర ఉండాలి. అంటే పేకముక్క కన్నా కాస్త చిన్న చోటు. ఒక లక్షణముంటే 10 శాతం, రెండు మూడుంటే 30, నాలుగైదుంటే 50, ఆరూ ఆపైన ఉంటే 80. మార్పులు చేయని రంగు ఫొటోలను కూడా పరిగణించాలన్నారు. టేపుతో కొలిచే పద్ధతికి దానిదైన మొరటుదనం ఉంది. కానీ డాక్టరు పావు అంగుళాన్ని తప్పుగా రాస్తే అప్పీలులో నిలదీయవచ్చు. ఆయనకు కలగని ఏవగింపును నిలదీయడం ఎవరి తరం?

2008 అక్టోబరు 23న వచ్చిన మార్పు నొప్పికి సంబంధించినది. నొప్పి పరీక్షలో కనబడాలన్న మాటను తీసేశారు. చర్మం మాటిమాటికీ లేచిపోయే మచ్చ గానీ, నొప్పి పెట్టే మచ్చ గానీ ఒకటి రెండుంటే 10 శాతం, మూడు నాలుగుంటే 20, అయిదూ ఆపైన ఉంటే 30 అన్నారు. ఒకే మచ్చకు రెండు బాధలూ ఉంటే మరో 10 కలుపుతారు. అంతకుముందు రెండు మచ్చలకు చెరో 10 ఇచ్చిన సందర్భాలున్నాయి గనక ఈ లెక్క అందరికీ లాభించలేదు. 2018 ఆగస్టు 13 సవరణ మచ్చల విస్తీర్ణం లెక్కకట్టడానికి ఒంటిని ఆరు భాగాలుగా విడదీసింది. కాళ్లూ చేతులూ నాలుగు, మొండెం ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి.

రుజువుల సంగతికొస్తే, మచ్చ కళ్లకు కనబడుతుంది గానీ ఎప్పుడు పడిందో అది చెప్పదు. సైన్యంలో చేరేనాటి వైద్య పరీక్ష పత్రంలో గుర్తులు, మచ్చలు, పచ్చబొట్లు రాసే గడి ఒకటుండేది. అందులో రాసి ఉంటే అది పాత మచ్చ. రాయకపోతే సేవలో వచ్చిందనడానికి బలం. ఆ కాగితాలే కాలిపోతే? 1973 జులై 12న సెయింట్ లూయిస్ నగర శివారులోని సైనిక రికార్డుల కేంద్రంలో నిప్పంటుకుని 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల దస్త్రాలు బూడిదయ్యాయి. 1912 నుంచి 1960 దాకా ఆర్మీ నుంచి విడుదలైనవారి రికార్డుల్లో సుమారు 80 శాతం అందులోనే పోయాయి. అలా రికార్డు కాలిపోయిన ఒక సైనికుడి భుజం గాయం కేసులోనే (జాండ్రో, 2007) ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, సామాన్యుడు కళ్లారా చూసి, ఒంటితో అనుభవించి చెప్పిన మాట కూడా సాక్ష్యమేనంది. మచ్చల కేసులకు ఇది చాలా అక్కరకొచ్చే సూత్రం.

కాగితాల మాట అటుంచితే, నోరు విప్పలేనివారు ఇంకొందరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సుమారు 60 వేల మంది అమెరికా సైనికులను మస్టర్డ్ వాయువు వంటి విషాల పరిశోధనలకు వాడుకున్నారు. కొందరిని గదుల్లో పెట్టి వాయువు వదిలారు. ఎవరికీ చెప్పకూడదని కట్టడి చేయడంతో దశాబ్దాల పాటు వాళ్లు డాక్టరుకు కూడా చెప్పుకోలేదు. 1990లలో నియమం మారాక, ఒళ్లంతా ఆ వాయువుకు గురైనట్టు తేలితే ఆ తర్వాత ఏర్పడిన మచ్చలను సేవ వల్ల వచ్చినవిగానే ఎంచుతున్నారు.

ఇప్పటి అప్పీలు పద్ధతి 2017 చట్టం ప్రకారం 2019 ఫిబ్రవరి 19న మొదలైంది. కొత్త సాక్ష్యంతో మళ్లీ అర్జీ పెట్టవచ్చు, ఉన్న కాగితాలనే పై అధికారి చేత చూపించవచ్చు, లేదా నేరుగా బోర్డుకు వెళ్లవచ్చు. ఏ నిర్ణయమైనా వచ్చిన ఏడాదిలోపు ఈ మూడింటిలో ఏదో ఒకటి పట్టుకుని వదలకుండా సాగితే, గెలిచిననాడు పరిహారాన్ని సాధారణంగా మొదటి అర్జీ తేదీ నుంచే లెక్కకడతారు.