తీగ వేసినవారు, ఫ్యూజు వేసేవారు: గ్రామ విద్యుదీకరణలో మరమ్మతు ప్రశ్న

గ్రామ విద్యుదీకరణ మీద గత ఇరవై ఏళ్లలో వచ్చిన పరిశోధనలో ఉన్న ఒక లోటు ఈ వ్యాసానికి కారణం. ఊరికి కరెంటు ఏ ఏడాది వచ్చిందో అందరూ రాశారు. వచ్చిన కరెంటు పోయినప్పుడు బాగు చేసిందెవరు, ఎన్నాళ్లకు చేశారు, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడింది అన్నది దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. దీన్ని వదిలేయడం వల్ల కొలవవలసిన విషయమే కొలతలోంచి జారిపోయిందని నా అభిప్రాయం.

మన్యంలో చింతపల్లి పైకొండల్లోని ఒక గూడెంలో ఇంటింటికీ సోలార్ ప్యానెల్ ఉంది. రాత్రి ఏ ఇంట్లోనూ దీపం లేదు. ఒక ఇంట్లో బ్యాటరీ పెట్టె తెరిపించి చూశాను. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుపోయింది. సెల్ బిరడాలు తిప్పితే లోపల నీళ్లు ఇంకిపోయి ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్ పోయాలని బిగించినవాళ్లు చెప్పారట. అది దొరికే చోటు కొండ దిగితే గాని లేదు. ఆ ఇంటి కుర్రాడు బ్యాటరీని పక్కకు నెట్టి, ప్యానెల్ తీగలను కారులో వాడే ఫోన్ ఛార్జరుకు తిన్నగా కలిపాడు. పగలంతా గూడెం ఫోన్లు అక్కడే ఛార్జవుతాయి. రాత్రి వంట ఆ ఫోన్ల టార్చి వెలుతురులో సాగుతుంది. ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుంది, సీసం బ్యాటరీ నాలుగైదేళ్లకు మించి రాదు. తీగ కలపడం తెలిసిన మనిషి గూడెంలోనే ఉన్నాడు. లేనివి రెండే: కొత్త బ్యాటరీకి డబ్బు, దాన్ని అడగడానికి ఒక మనిషి.

ప్రభుత్వ లెక్కలో మాత్రం అవి విద్యుత్ ఉన్న ఇళ్లు. మన లెక్కలు మొదటినుంచీ ఇలాగే నడిచాయి. 1997 వరకు రెవెన్యూ గ్రామ పరిధిలో ఏ మూల, ఏ పనికి కరెంటు వాడినా ఊరికి కరెంటు వచ్చినట్టే. పొలంలో ఒక్క మోటారు తిరిగితే చాలు. 2004లో నిర్వచనం మారి, ట్రాన్స్‌ఫార్మర్, లైన్లు ఊళ్లోనూ దళితవాడలోనూ ఉండాలని, బడికీ పంచాయతీ ఆఫీసుకూ కరెంటు ఉండాలని, కనీసం 10 శాతం ఇళ్లకు కనెక్షన్ ఉండాలని అన్నారు. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లీసాంగ్‌తో దేశంలోని గ్రామాలన్నీ పూర్తయ్యాయని ప్రకటించింది ఈ నిర్వచనం ప్రకారమే. పాత నిర్వచనంలోనూ కొత్తదానిలోనూ తీగ ఉందా అన్న ప్రశ్నే తప్ప, తెగితే అతికే ఏర్పాటు ఉందా అన్న ప్రశ్న లేదు.

పరిశోధకులూ ఈ లెక్కల వెంటే నడిచారు. వారిలో అందరికంటే ఎక్కువగా ఉదహరింపబడుతున్నవారు ఫియోనా బర్లిగ్, లూయిస్ ప్రియోనాస్. వారి అధ్యయనం 2016 నుంచి ముసాయిదాగా చలామణీ అయి, 2024లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో అచ్చయింది. 2005లో మొదలైన రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ యోజన తొలి విడతలో 300 మందికి మించిన ఆవాసాలనే తీసుకుంది. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న ఊళ్లను పోల్చి, చిన్న ఊళ్లలో కరెంటు వల్ల చెప్పుకోదగ్గ ఆర్థిక లాభం లేదని వారు తేల్చారు. గణితంలో నాకు పేచీ లేదు. ఆ గణితానికి అందించిన సరుకుతోనే పేచీ.

కరెంటు వచ్చిందనడానికి వారు ఎంచుకున్న ముఖ్య సాక్ష్యం ఉపగ్రహాలు తీసిన రాత్రి వెలుతురు చిత్రాలు. రాత్రివేళ ఆకాశం నుంచి తీసిన చిత్రంలో పగలు తిరిగే పిండిమర కనిపించదు, మోటారు కనిపించదు, వెల్డింగ్ షాపు కనిపించదు. జనాభా లెక్కల్లోని ఉపాధి వివరాలనూ వారు చూశారు, నిజమే. అయితే ఆ పథకం చేసింది ప్రధానంగా పేద ఇళ్లకు ఉచిత కనెక్షన్ ఇవ్వడం. రెండు బల్బుల కనెక్షన్‌తో ఉపాధి పెరగలేదని తేల్చడానికి అంత కసరత్తు ఎందుకు?

అసలు సంగతి వారి అచ్చయిన వ్యాసంలోనే ఉంది. 300 మంది ఉన్న ఊళ్లో రాని లాభం రెండు వేల మంది ఉన్న ఊళ్లో గట్టిగానే వచ్చిందని వారే అంటారు. ఎందుకని అడిగితే వారి జవాబు జనాభా. నా జవాబు లైన్‌మన్. రెండు వేల మంది ఉన్న మన ఊళ్లో లైన్‌మనో, అతని చేతికింద పనిచేసే కుర్రాడో కాపురం ఉంటాడు. మోటారు వైండింగ్ చేసే షాపు ఉంటుంది. సెక్షన్ ఆఫీసుకు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడగలిగిన సర్పంచి ఉంటాడు. 300 మంది ఉన్న పల్లెకు ఈ ముగ్గురూ లేరు. బర్లిగ్, ప్రియోనాస్ జనాభా అనుకుని కొలిచింది నిజానికి మరమ్మతు దూరాన్ని. మైదానంలోనే చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణం. చేను ఎండుతుంటే అన్నాళ్లు ఆగలేని రైతులు తలా ఇంత చందా వేసుకుని, దాన్ని దింపి ట్రాక్టరు మీద రిపేరు షెడ్డుకు చేర్చడం తెలుగునాట తెలియనిదెవరికి? ఆ చందా ఏ సర్వేలోనూ ఖర్చుగా రాయరు.

మరమ్మతుకు దిక్కులేని ఈ పల్లెలకు ఎదురు ఉదాహరణ తెలంగాణలోని సిరిసిల్ల. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో ఏర్పడగానే దేశంలో ప్రయోగంగా నిలబెట్టిన ఐదు సహకార విద్యుత్ సంఘాల్లో ఇది ఒకటి. గుజరాత్‌లో కొడినార్, మహారాష్ట్రలో ముళా ప్రవర, కర్ణాటకలో హుక్కేరి, ఉత్తరప్రదేశ్‌లో లక్నో మిగిలినవి. 1970లో మొదలైన సిరిసిల్ల సంఘాన్ని అక్కడివారు సెస్సు అంటారు. వినియోగదారుడు వాటా ధనం కట్టి సభ్యుడవుతాడు, పాలకవర్గానికి ఓటు వేస్తాడు. సంఘం విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) దగ్గర కరెంటును టోకుగా కొని, తన లైన్ల మీద, తన సిబ్బందితో ఇంటింటికీ పంచుతుంది. యాభై ఏళ్లు దాటినా నడుస్తూనే ఉంది.

ఈ సంఘం ఎందుకు నిలిచిందో తెలియాలంటే సాంచాల (మరమగ్గాల) దగ్గర నిలబడాలి. భివండి, షోలాపూర్ వలసవెళ్లి తిరిగివచ్చిన పద్మశాలీలు నిలబెట్టిన పరిశ్రమ ఇది. కార్మికుడికి కూలి నేసిన మీటర్ల లెక్కన ఇస్తారు. ఒక కార్మికుడు ఏడెనిమిది సాంచాలు చూస్తాడు, పగటి పాళీ, రాత్రి పాళీ నడుస్తాయి. కరెంటు పోతే వాడకట్టు మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దం ఎంతసేపుంటే కార్మికుడికి అంత కూలి పోతుంది, సాంచాల యజమాని అయిన ఆసామికి అంత బట్ట తగ్గుతుంది. అందుకని ఫ్యూజు పోయిన కబురు ఆఫీసుకు అర్జీగా కాక, తాము ఓటేసిన డైరెక్టరు ఇంటికి మనుషులుగా వెళుతుంది. హైదరాబాదులోనో వరంగల్‌లోనో కూర్చున్న అధికారిని నిలదీయడానికి కార్మికుడికి దారి లేదు. ఎన్నికలకు మళ్లీ వీధిలోకి రావలసిన డైరెక్టరును నిలదీయవచ్చు. మరమ్మతు ఇక్కడ దయాదాక్షిణ్యాల మీద నడవదు, ఓటు మీద నడుస్తుంది.

సాంచాలు రావడానికి సంఘం కారణం కాదనీ, వలసల చరిత్రే కారణమనీ అనవచ్చు. రావడం వేరు, తిరుగుతూ ఉండడం వేరు. ముళా ప్రవర సంఘం బకాయిల్లో మునిగి 2011లో లైసెన్సు పోగొట్టుకున్న మాట కూడా నిజమే.

సునీలా కాలే తన 2014 పుస్తకంలో మహారాష్ట్ర, ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లను పోల్చి, పల్లెలకు కరెంటు చేరడం వెనక వ్యవసాయ రాజకీయాల పాత్రను చూపారు. ఆ విశ్లేషణ విలువైనది. కానీ రాజకీయం తీగను ఊరిదాకా తేవడంతో ఆగదు, స్తంభం ఎక్కే మనిషి దాకా పోతుందని సిరిసిల్ల చెబుతోంది.

ఇప్పుడు సౌరవిద్యుత్తు సంగతి. బీహార్‌లోని ధర్నాయి గ్రామంలో 2014లో గ్రీన్‌పీస్ 100 కిలోవాట్ల సౌర మైక్రోగ్రిడ్ నిలిపింది. మాకు అసలు కరెంటు కావాలని గ్రామస్థులు అడిగారు. కొన్నాళ్లకు గ్రిడ్ వచ్చింది, ఆ తరువాత బ్యాటరీలు పోయాయి, ప్లాంటు మూలపడింది. సౌరవిద్యుత్తు పల్లెకు పనికిరాదనడానికి దీన్ని చూపేవారున్నారు. అక్కడ పనికిరానిది సూర్యుడు కాదు. బ్యాటరీ మార్చే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోని ఏర్పాటు పనికిరాలేదు. సౌభాగ్య పథకం కింద లైను పోని ఊళ్లకు ఇచ్చిన సోలార్ సెట్లకు ఐదేళ్ల నిర్వహణ అని నిబంధన పెట్టారు. ఆ పథకం 2017లో మొదలైంది. బ్యాటరీ ఆయుష్షు తీరే వేళకే కాంట్రాక్టరు బాధ్యతా తీరిపోయేలా ఆ గడువు ఉంది. రాజీవ్ యోజనలోనూ పల్లె పంపిణీకి ఫ్రాంచైజీలు తప్పనిసరి అన్నారు. బిల్లు వసూలు చేసే మనిషిని అది ఊళ్లోకి పంపగలిగింది గాని, జనానికి జవాబు చెప్పే మనిషిని ఇవ్వలేకపోయింది.

గ్రిడ్డా, సోలారా అన్న చర్చ కాబట్టి చాలావరకు వృథా. సభ్యుల చేతిలో లేని విద్యుత్తు ఏ రూపంలో వచ్చినా చిన్న ఊళ్లో పదేళ్లు నిలవదు. సభ్యుల చేతిలో ఉండి, లెక్కలు సరిగా నడిస్తే మన్యంలోనూ నిలుస్తుంది. గిరిజన మహిళా సంఘాలు పొదుపు లెక్కలు ఏళ్ల తరబడి నడుపుతున్నాయి. నెలకు ఇంటికి ఇంత అని బ్యాటరీ నిధి నడపడం వారికి కొత్త విద్య కాదు.

ఇది అత్యవసరం కూడా. పీఎం జన్‌మన్ పథకం కింద కరెంటు లేని లక్ష ఆదిమ గిరిజన కుటుంబాలకు, లైను వేయలేని చోట ఇంటికి 50 వేల రూపాయల దాకా వెచ్చించి సోలార్ సెట్లు ఇవ్వాలని కేంద్రం 2024లో నిర్ణయించింది. మన చెంచులు, కొండరెడ్లు, సవరలు ఆ జాబితాలో ఉన్నారు. ఆ 50 వేలలో బ్యాటరీ మార్పిడికి సరిపడే భాగాన్ని గూడెం సంఘం పేర బ్యాంకులో వేయాలి, మరమ్మతు మనిషిని ఆ గూడెం నుంచే ఎంచి జీతం ఇవ్వాలి. ఈ ఊళ్లలో సర్వే చేయబోయే విశ్వవిద్యాలయ శాఖలకు నా విన్నపం ఒక్కటే: ప్రశ్నావళిలో కనెక్షన్ తేదీ పక్కన ఇంకో గడి గీయండి, చివరిసారి పాడైంది ఎప్పుడు, బాగుపడింది ఎప్పుడు, బాగు చేసిందెవరు అని రాసుకోండి.