కనుమలో తెరచిన తలుపు: గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ సత్రం చరిత్ర

సంఘ చరిత్రలో మఠాల గురించి చదివేటప్పుడు మనం సాధారణంగా ప్రార్థన, విద్య, చేతివ్రాత ప్రతుల దగ్గర ఆగిపోతాము. కట్టెలు మోసినవారి గురించి వ్రాసేవారు తక్కువ. స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దున 2,469 మీటర్ల ఎత్తులో ఉన్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ సత్రం చరిత్ర మాత్రం చాలావరకు కట్టెల చరిత్రే.

ఈ కనుమ రోమీయుల కాలం నాటి దారి. అక్కడ వారు జూపిటర్‌కు గుడి కట్టారు. 10వ శతాబ్దంలో దారిదోపిడీలు పెరిగాయి. క్రీ.శ. 972లో క్లూనీ మఠాధిపతి మయోలుస్ ఈ ప్రాంతంలోనే పట్టుబడి, విమోచన ధనం చెల్లించాక విడుదలయ్యాడు. సుమారు 1050లో అయోస్తా ఆర్చిడీకన్ బెర్నార్డు ఇక్కడ సత్రం స్థాపించాడు. ఆయన పెండ్లి తప్పించుకొని ఇల్లు విడిచి పారిపోయాడనే కథ ప్రసిద్ధమే గాని, అది 15వ శతాబ్దపు కల్పిత జీవితచరిత్ర నుండి వచ్చింది. పరిశోధక విద్యార్థులు ఇక్కడ జాగ్రత్త వహించాలి. స్థాపకునికి కథలు పుడతాయి, నడిపించినవారికి లెక్కల పుస్తకాలే మిగులుతాయి. మన ఊళ్లలోనూ అంతే కదా! మందిరపు శంకుస్థాపనకు శిలాఫలకం ఉంటుంది, పైకప్పు మరమ్మతుకు ఉండదు.

నడిపించినవారు అగస్టీను నియమావళిని అనుసరించే గురువులు. ఆ ఎత్తులో చెట్లు పెరగవు. కాబట్టి పొయ్యిలోకి కట్టెలు కొండ అవతలి ఫెర్రే లోయ నుండి గుర్రాల మీద, కంచర గాడిదల మీద రావాలి. చలికాలానికి సరిపడా వేసవిలోనే చేర్చుకోవాలి. మంచు పడే నెలల్లో గురువులు, పనివారు పొడవాటి కర్రలతో, రొట్టెతో, ద్రాక్షారసంతో దారి వెంబడి దిగి బాటసారులను వెదికేవారు. ప్రఖ్యాతి పొందిన కుక్కలు 17వ శతాబ్దం చివరి నుండే కనబడతాయి. అంటే మొదటి ఆరు వందల సంవత్సరాల సేవకు కుక్కల సాక్ష్యం లేదు. రాతినేలలో గోతులు తవ్వలేక, చనిపోయినవారిని ప్రత్యేకమైన శవశాలలో ఉంచేవారు.

ఈ ఖర్చంతా అనేక ప్రాంతాల్లోని భూముల ఆదాయం, కానుకల మీద నడిచింది. 1752లో సావోయ్ పాలకులతో వివాదం ముదిరి, వారి రాజ్యంలోని ఆస్తులు సత్రం చేజారాయి. ఆతిథ్యం మాత్రం ఆగలేదు. 1800 మే నెలలో నెపోలియన్ సైన్యం, సుమారు 40,000 మంది, కనుమ దాటినప్పుడు గురువులు సైనికులకు ఆహారము, ద్రాక్షారసము అందించారు.

1863లో స్విస్ ఆల్పైన్ క్లబ్ ఏర్పడి, అదే ఏడు తోడి పర్వతం మీద గ్రూన్‌హార్న్ బసను కట్టింది. ఇది పర్వతారోహకుల కోసం కట్టినది, బాటసారుల కోసం కాదు. అయినా సమస్య పాతదే: కట్టెలు, ఆహారము ఎవరు మోయాలి? అప్పట్లో మనుషులు, గాడిదలు మోసేవారు. ఇప్పుడు ఎక్కువగా హెలికాప్టర్లు మోస్తున్నాయి.

1964లో కనుమ క్రింద సొరంగం తెరిచాక వాహనాలు అటు మళ్లాయి. 2005లో కుక్కల పెంపకం ఒక ఫౌండేషన్‌కు అప్పగించారు. సత్రం ఇంకా నడుస్తోంది. చలికాలంలో రోడ్డు మూతపడుతుంది, స్కీల మీదనో మంచు చెప్పులతోనో వచ్చినవారికే అక్కడ చోటు. ఆల్పైన్ క్లబ్ బసల్లోనూ, నిర్వాహకుడు దిగిపోయాక, చాలాచోట్ల ఒక గదికి తాళం వేయరు. అందులో పొయ్యి ఉంటుంది, ప్రక్కన కట్టెలు పేర్చి ఉంటాయి.