మండువా నుంచి డాబాకు

మొగల్తూరు వంటి సముద్రానికి చేరువైన డెల్టా ఊళ్ళలో, ఒక కుటుంబం కోసం కట్టే ఇంటి పోకడను నిర్ణయించినది ప్రధానంగా వాననీరే. మండువా లోగిలిలో, అనగా నడుమ కప్పు లేని చదరపు జాగా చుట్టూ గదులు తీర్చిన ఇంట్లో, నాలుగు వైపుల పెంకుల వాలు నుంచి జారిన వాన ఆ పల్లంలోనే పడి, తూము గుండా బయటికి పోయేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు విస్తరించాక, వరి రాబడి ఇటువంటి ఇళ్ళకు ఊతమిచ్చింది. 1935లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ పెన్సిల్వేనియాలో జలపాతం మీదనే ఒక ఇంటిని రూపొందించి ఆధునిక వాస్తుకళకు గుర్తుగా నిలిపాడు గానీ, నీటిని నట్టింటికే పిలిచిన ఘనత గోదావరి వడ్రంగులకు అంతకు ముందే ఉంది. ఇనుప ఊచలపై కాంక్రీటు పోసిన శ్లాబు ఇల్లు, జనం మాటలో డాబా, వచ్చాక మండువా మూసుకుపోయి వాన గొట్టంలోకి దిగింది. ఉప్పుగాలికి ఊచలు తుప్పెక్కి శ్లాబు పెచ్చులూడడం మాత్రం పెంకుటిల్లు ఎరుగని జబ్బు.