షాలుమో నుంచి క్లారినెట్ దాకా

మన పెళ్ళి బ్యాండుల్లో మోగే క్లారినెట్‌కు పెద్ద కుటుంబమే ఉందని నాకు పరదేశం వచ్చాకే తెలిసింది. ఇంటి పెద్ద షాలుమో: సన్నాయిది జంట రెల్లు, దీనిది ఒంటి రెల్లు, పలికేవి పన్నెండు స్వరాల లోపే. 1700 ప్రాంతంలో న్యూరెంబర్గ్‌లో డెన్నర్ దానిని మెరుగుపరచి క్లారినెట్ చేశాడంటారు. పైస్థాయి మీట తెరిస్తే వేణువులా పై షడ్జం కాదు, తారస్థాయి పంచమం పలుకుతుంది.

మంద్రంలో బాసెట్ హార్న్‌ది గంభీర నాదం. ఇక బాసెట్ క్లారినెట్ మామూలు క్లారినెట్ కంటే నాలుగు అర్ధస్వరాలు కిందికి దిగుతుంది. 1791లో స్టాడ్లర్ కోసం మొజార్ట్ కాన్‌చెర్టో రాసింది దానికే. రాతప్రతి పోయింది; 1801 ముద్రణల్లో ఆ మంద్రస్వరాలను పైకి మార్చేశారు. ఇరవయ్యో శతాబ్దంలో వాటిని ఊహించి తిరిగి కూర్చవలసి వచ్చింది.

వాయిద్యం మరుగైతే దానికోసం పుట్టిన స్వరమూ మరుగవుతుంది. మన సన్నాయిని పిల్లలకు వినిపిద్దాం.