గర్భిణుల మెదడు కణితులు: వైద్యం నడిచిన దారి

గర్భంతో ఉన్నప్పుడు మెదడులో కణితి బయటపడడం చాలా అరుదు. అరుదు కావడమే అందులోని మొదటి ప్రమాదం. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంట్లోవాళ్లు వేవిళ్లనుకుంటారు. నెలలు నిండుతుండగా ఫిట్స్ వస్తే వైద్యులు సైతం ముందుగా గుర్రపువాతాన్నే అనుమానిస్తారు. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఈ రెంటినీ విడదీసి చూడడానికి ప్రసూతి వైద్యుల దగ్గర ఉన్న ఆధారాలు కొద్దిపాటివి. రక్తపోటు పెరిగి, మూత్రంలో ఆల్బుమిన్ పడితే గుర్రపువాతం. ఆ రెండూ లేకుండా ఫిట్స్ వస్తే అనుమానం తల మీదికి మళ్లేది. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ రూపొందించిన ఆప్తాల్మోస్కోప్‌తో కంటి లోపలికి చూస్తే, దృష్టినాడి మొదలయ్యే చోట గుండ్రని బిళ్ల అంచులు ఉబ్బి చెదిరినట్లు కనిపించేవి. పుర్రెలో ఒత్తిడి పెరిగిందనడానికి అది గుర్తు. అదీ ఖాయమైన సాక్ష్యం కాదు. తీవ్రమైన రక్తపోటులోనూ ఆ వాపు రావచ్చు.

ఎక్స్‌రే ఎముకను చూపేది గాని మెదడును చూపేది కాదు. 1918లో బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ మెదడు గదుల్లోని ద్రవాన్ని తీసి, గాలి నింపి ఫొటో తీసే పద్ధతి కనిపెట్టాడు. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మొనీజ్ మెదడు రక్తనాళాల్లోకి మందు ఎక్కించి వాటిని ఎక్స్‌రేలో చూడగలిగాడు. రెండూ రోగిని బాగా బాధపెట్టేవే. ఆపైన 1956, 1958 సంవత్సరాల్లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆలిస్ స్టీవర్ట్ గర్భిణుల పొట్టకు తీసిన ఎక్స్‌రేలకూ పుట్టిన పిల్లల్లో క్యాన్సర్‌కూ సంబంధం ఉందని చూపింది. తలకు తీసే ఎక్స్‌రేతో కడుపులో బిడ్డకు తగిలే కిరణాలు అతిస్వల్పమే అయినా, భయం మాత్రం మొత్తానికీ పాకింది. ఎక్స్‌కిరణాలతో పనిలేని ఎంఆర్ఐ 1980లలో ఆసుపత్రులకు చేరాకే ఆ బెంగ తీరింది. అందులోనూ చిత్రం స్పష్టంగా రావడానికి వాడే గాడోలినియం మందును తప్పనిసరైతే తప్ప గర్భిణికి ఎక్కించరు.

మెదడు పొరల నుంచి పుట్టే కణితికి మెనింజియోమా అని 1922లో పేరు పెట్టింది హార్వీ కుషింగ్. దీనికీ గర్భానికీ ఉన్న సంబంధాన్ని 1958లో ఇంగ్లండ్‌లో బికర్‌స్టాఫ్, ఆయన సహచరులు స్పష్టంగా రాశారు. కొందరు స్త్రీలకు గర్భం ముదిరేకొద్దీ చూపు మందగించడం, కాన్పు కాగానే తేరుకోవడం, మళ్లీ గర్భం వస్తే అదే బాధ తిరగబెట్టడం వాళ్లు గమనించారు. కాన్పు తర్వాత దొరికే ఆ ఉపశమనం మోసకారి. జబ్బు పోయిందనుకుని చికిత్స వాయిదా వేస్తే తర్వాతి గర్భం నాటికి కణితి ముదురుతుంది. ఒంట్లో నీరు చేరడం, కణితిలో రక్తనాళాలు ఉబ్బడం ఇందుకు కారణాలని తొలుత భావించారు. 1979 తర్వాత ఈ కణితుల్లో స్త్రీ హార్మోన్లను పట్టుకునే గ్రాహకాలు, ముఖ్యంగా ప్రొజెస్టిరాన్ గ్రాహకాలు, ఉన్నట్లు తేలింది. అలాగని గర్భమే కణితిని పుట్టిస్తుందనుకోవడం తప్పు. 1986లో తూర్పు జర్మనీ క్యాన్సర్ నమోదు లెక్కలు చూస్తే, గర్భిణుల్లో కొత్తగా బయటపడ్డ మెదడు కణితులు ఆ వయసువారిలో ఉండవలసినన్ని కూడా లేవు.

చికిత్సలో పెద్ద మలుపు స్టెరాయిడ్లతో వచ్చింది. 1961లో మిన్నెసోటాలో గాలిసిచ్, ఫ్రెంచ్ డెక్సామెథసోన్‌తో కణితి చుట్టూ చేరే వాపు తగ్గుతుందని చూపారు. గంటల లెక్కలో తీసుకోవలసి వచ్చే నిర్ణయాలకు కొన్ని రోజుల, వారాల గడువు దొరికింది. 1972లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో లిగిన్స్, హౌవీ 282 మంది తల్లులపై చేసిన పరీక్షలో, అదే కుటుంబానికి చెందిన బీటామెథసోన్‌ను కాన్పుకు ముందు ఇస్తే నెలలు నిండని బిడ్డకు ఊపిరితిత్తులు త్వరగా పక్వానికొస్తాయని రుజువైంది. తల్లి మెదడుకూ బిడ్డ ఊపిరికీ ఒకే జాతి మందు సాయపడడం ఈ చరిత్రలో దొరికిన గొప్ప అదృష్టం.

పీయూష గ్రంథి కథ వేరు. గర్భంలో ఈ గ్రంథి పెద్దదవుతుందని 1909లోనే ఎర్డ్‌హైమ్, స్టుమ్మే వర్ణించారు. పాలు పడడానికి ఈ గ్రంథి విడుదల చేసే ప్రొలాక్టిన్ మనుషుల్లోనూ విడి హార్మోన్‌గా ఉందని తేలింది మాత్రం 1970–71లో, కెనడాలో హెన్రీ ఫ్రీసెన్ పరిశోధనలతో. ఆ హార్మోన్‌ను అతిగా విడుదల చేసే కణితి ఉన్న స్త్రీకి నెలసరి ఆగిపోతుంది, గర్భం నిలవదు. స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీలో ఫ్లూకిగర్ బృందం తయారుచేసిన బ్రోమోక్రిప్టిన్ 1970లలో వాడుకలోకి రాగానే వీళ్లకు గర్భాలు నిలవసాగాయి. దాంతో కొత్త చిక్కు వచ్చిపడింది. గర్భంలో కణితి పెరిగి దృష్టినాడులు కలిసే చోటును నొక్కితే చూపు పోతుంది. పైగా ఈ మందుకు మూలం రై కంకుల మీద పెరిగే ఎర్గాట్ బూజు. గర్భసంచిని బిగించే గుణం వల్ల మంత్రసానులు ఎప్పటినుంచో వాడిన పదార్థం అది. అందుకే బిడ్డకేమవుతుందోనన్న భయం సహజం. 1982లో 1,335 మంది స్త్రీల 1,410 గర్భాల లెక్క వెలువడింది. గర్భస్రావాలు గాని, బిడ్డల్లో లోపాలు గాని మామూలుకంటే ఎక్కువ కనిపించలేదు.

ఆ లెక్కల మీదే నేటి పద్ధతి నిలిచింది. గర్భం ఖాయం కాగానే సాధారణంగా మందు ఆపుతారు. 10 మిల్లీమీటర్లలోపు కణితి వందలో ఇద్దరు ముగ్గురికే ఇబ్బంది పెడుతుంది. అంతకంటే పెద్దదైతే సుమారు ఐదో వంతు మందిలో పెరిగి బాధిస్తుంది. గర్భంలో ప్రొలాక్టిన్ ఎలాగూ పెరుగుతుంది గనక రక్తపరీక్షతో లాభం లేదు. చూపే సాక్షి. తెల్లటి అర్ధగోళానికి ఎదురుగా గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, నడిమి చుక్కపైనే చూపు నిలిపిన గర్భిణి, పక్కనుంచి వచ్చే వెలుగు చుక్క కనబడగానే మీట నొక్కుతుంది. రెండు కళ్లకూ చెవివైపు భాగంలో చుక్క కనబడకపోతే కణితి పెరిగినట్లే. వెంటనే మందు మళ్లీ మొదలుపెడతారు. దానికీ లొంగకపోతే శస్త్రచికిత్స.

గర్భం నుంచే పుట్టి మెదడుకు పాకే క్యాన్సర్ కూడా ఒకటుంది. ముత్యాల గర్భం తర్వాతో, మామూలు కాన్పు తర్వాతో మాయ కణాల నుంచి వచ్చే కోరియోకార్సినోమా ఒకప్పుడు ప్రాణాంతకం. 1956లో అమెరికాలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ మెథోట్రెక్సేట్‌తో దాన్ని నయం చేయవచ్చని చూపారు. ఆ మందు వెలువడింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపిన లెడర్లీ ప్రయోగశాల నుంచి. 1948లో కన్నుమూసిన ఆయన ఆ ఫలితాన్ని చూడలేదు.

ఇప్పుడు తల్లి పరిస్థితి నిలకడగా ఉంటే శస్త్రచికిత్సను మొదటి మూడు నెలలు దాటేదాకా ఆపుతారు. నెలలు దగ్గరపడితే ముందు కాన్పు చేస్తారు. ప్రాణం మీదికొస్తే ఏ నెలైనా ఆగరు. బల్లపై ఆమెను ఎడమ పక్కకు ఒరిగించి పడుకోబెడతారు, లేకపోతే గర్భసంచి బరువుకు పెద్ద సిర నలిగి గుండెకు రక్తం చేరదు. కణితి ఉంటే సిజేరియన్ తప్పదన్న పాత నియమం సడలింది. పుర్రెలో ఒత్తిడి లేకపోతే సహజ కాన్పుకు అడ్డు లేదు. ప్రొలాక్టిన్ కణితి ఉన్న బాలింత, చూపు బాగుంటే, బిడ్డకు పాలివ్వవచ్చు. కాన్పు తర్వాత కొందరిలో ప్రొలాక్టిన్ దానంతటదే మామూలు స్థాయికి వస్తుంది గనక, మందు మళ్లీ మొదలుపెట్టే ముందు ఒకసారి పరీక్ష చేయించాలి.